లాక్‌డౌన్ వీడియోల్లో ‘మనం’ ఎవరం?

2021 ఫిబ్రవరి 1న తెలంగాణలో తొమ్మిది, పది తరగతులకు బడులు తిరిగి తెరిచారు. పాలమూరు ప్రాంతంలో ఒక ఊరి ఉన్నత పాఠశాలలో నేను తెలుగు చెబుతాను. దాదాపు పది నెలల తర్వాత బడి మొహం చూసిన పిల్లలను బెంచీకి ఒక్కరు చొప్పున దూరదూరంగా కూర్చోబెట్టి, మొదటి వారం పద్యాల జోలికి పోకుండా వ్యాకరణం మొదలుపెట్టాను. ఉత్తమ పురుష బహువచనం దగ్గరికి వచ్చాం. ‘మనం’ అన్నప్పుడు వినేవాళ్లు కూడా కలుస్తారు, ‘మేము’ అన్నప్పుడు కలవరు. ఈ తేడా తెలిసేలా తలా ఒక ఉదాహరణ చెప్పమన్నాను. “మేము కబడ్డీ ఆడినం, మనం బడికి వచ్చినం” అనే ధోరణిలో పిల్లలు చెప్పుకుపోతున్నారు. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది.

“మేడం, యూట్యూబ్‌ల ఒకామె ‘మనమందరం ఇంట్లనే ఉన్నం గదా, బోర్ కొడుతుంది గదా’ అన్నది. అప్పుడు మా నాయిన ఇంట్ల లేకుండె. ఆమె ‘మేము’ అనాలె గదా మేడం?”

పిల్లలు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. లాక్‌డౌన్ రోజుల్లో సామాజిక మాధ్యమాల ప్రముఖులు పెట్టిన వీడియోల మీద అప్పటికే ఎన్నో విమర్శలు చదివి ఉన్నాను, నోటికొచ్చినట్లు నేనూ తిట్టి ఉన్నాను. వాటిలో ఏదీ ఈ పిల్ల మాటంత సూటిగా విషయం మీదికి వెళ్లలేదు. ఆమె ఆ వీడియోలోని సర్వనామాన్ని తప్పు పట్టింది. ఆ తప్పు ఎక్కడిది, ఎందుకు జరిగింది, అందులో రచయితలుగా మన వాటా ఎంత అన్నది వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక సాహిత్య పత్రికలో ఇన్‌ఫ్లుయెన్సర్ల గురించి రాయడమేమిటని అడిగే మిత్రులుంటారు. ఈనాడు మన విద్యార్థులు రోజుకు ఎన్ని కవితలు చదువుతున్నారో, ఎన్ని వీడియోలు చూస్తున్నారో లెక్క వేసుకుంటే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. పైగా ఆ వీడియోకు కూడా వస్తువుంది, శిల్పం ఉంది, వక్త ఉన్నాడు, ఉద్దేశించిన శ్రోత ఉన్నాడు. అన్నిటికీ మించి ఒక ప్రపంచ దృక్పథం ఉంది. ఇవన్నీ ఉన్న దాన్ని పరిశీలించడం సాహిత్య విమర్శ పని కాకపోతే మరెవరి పని?

మాట ముందుగా నిర్వచించుకుందాం. సామాజిక మాధ్యమాల్లో తన రోజువారీ బతుకును చూపిస్తూ అనుచరులను కూడగట్టుకొని, ఆ అనుచరుల నమ్మకాన్ని కంపెనీల సరుకులకు అద్దెకిచ్చే వ్యక్తి ఇన్‌ఫ్లుయెన్సర్. సినిమా నటుడు, క్రీడాకారుడు, గాయకుడు కూడా ఈ పని చేయవచ్చు. ఇదే వృత్తిగా పైకొచ్చిన సామాన్యులూ ఉన్నారు. నమ్మకం ఇక్కడ మూలధనం. ఆ నమ్మకం పుట్టేది “నేనూ మీలాంటిదాన్నే” అన్న భావన నుంచి. అంటే ‘మనం’ అన్న మాట ఈ వృత్తికి పనిముట్టు.

ఇప్పుడు ఆ రోజులను గుర్తుచేసుకుందాం. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. 24వ తేదీ రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి ప్రకటన. ఆ అర్ధరాత్రి నుంచి దేశమంతా లాక్‌డౌన్. నాలుగు గంటల వ్యవధిలో నూట ముప్పై కోట్ల జనాన్ని ఉన్నచోటనే ఉండిపొమ్మన్నారు. మొదట ఇరవై ఒక్క రోజులన్నది పొడిగింపుల మీద పొడిగింపులతో మే 31 దాకా సాగింది.

“ఇంట్లో ఉండండి” అన్న ఆజ్ఞకు అర్థం ఇల్లున్నవాడికి ఒకటి, లేనివాడికి మరొకటి. కట్టుబడి పని దగ్గర రేకుల షెడ్డులో పడుకునేవాడికి ఇల్లంటే వందల మైళ్ల అవతల ఉన్న ఊరు. అందుకే లక్షలమంది రోడ్ల మీద పడ్డారు. తెలంగాణ మిరప తోటల్లో కాయలు ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన ఆదివాసీ కూలీలు అడవి దారిన తిరిగి నడిచారు. ఏప్రిల్ నెలలో ఆ నడకలోనే పన్నెండేళ్ల బాలిక ఒకతె ఊరు చేరకముందే ప్రాణం వదిలింది. మే 1న హైదరాబాదు పక్కన లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు పన్నెండు వందలమంది వలస కూలీలతో దేశంలో మొదటి శ్రామిక్ రైలు బయలుదేరింది. అంటే ప్రభుత్వం వాళ్లకొక రైలు పెట్టడానికి ఐదు వారాలు పట్టింది. మే 8న మహారాష్ట్రలో ఔరంగాబాదు దగ్గర పట్టాల మీద నడిచి నడిచి అలసి అక్కడే నిద్రపోయిన పదహారుమంది కూలీలు గూడ్సు రైలు కింద పడి చనిపోయారు. ఆ సెప్టెంబరులో కేంద్ర కార్మిక శాఖ లాక్‌డౌన్‌లో చనిపోయిన వలస కూలీల లెక్కలు తమ దగ్గర లేవని పార్లమెంటుకు తెలియజేసింది.

అవే రోజుల్లో ఫోను తెర మీద మరొక దేశం కనిపించింది. ఇన్‌స్టంట్ కాఫీ పొడి, చక్కెర, వేడినీళ్లు సమపాళ్లలో కలిపి నురగ వచ్చేదాకా గిలకొట్టి పాల మీద తేల్చే డాల్గొనా కాఫీ. డాబా మీద వ్యాయామం. అలమారా సర్దుకోవడం. బాల్కనీలో సూర్యాస్తమయం. వీటికి విసిగి, సినీ దర్శకురాలు ఫరా ఖాన్ మార్చి చివరలో ఒక వీడియో పెట్టి, మీ వ్యాయామాల వీడియోలు ఇక ఆపండి బాబూ అని తన తోటి తారలనే కోరింది. పాశ్చాత్య ప్రపంచంలో గాయని మడోన్నా గులాబీ రేకులు తేలే స్నానపు తొట్టిలో కూర్చొని, ఈ వైరస్ అందరినీ సమానం చేసిందని సెలవిచ్చింది. ఆ మాట మీద వచ్చిన ఆగ్రహం సహజమైనది. అయితే ఆగ్రహం దగ్గరే ఆగిపోతే వీళ్లు సిగ్గులేని మనుషులని తేల్చి ఊరుకుంటాం. మనుషుల గుణం గురించిన తీర్పు విమర్శ కాదు. వాళ్లలో మంచివాళ్లు కూడా అలాంటి వీడియోలే ఎందుకు తీశారన్నది అసలు ప్రశ్న.

దీనికి జవాబు వృత్తి స్వభావంలో ఉంది. లాక్‌డౌన్‌తో ప్రయాణాలు, హోటళ్లు, షూటింగులు ఆగిపోయాయి. కెమెరా పెట్టడానికి మిగిలిన చోటు ఇల్లొక్కటే. మరోవైపు ఇళ్లలో చిక్కుకున్న జనం గంటల తరబడి ఫోన్లు చూస్తున్నారు. సరుకు అమ్ముకోవడానికి ఇంతకు మించిన సంత దొరకదు. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ ఉండాలన్నది 2018లో పెట్టిన నిబంధన. ఆ గీత దాటినవాడు కూడా కొంతకాలం ఏమీ పెట్టకపోతే జనం మరిచిపోతారని భయపడతాడు. కాబట్టి ప్రపంచం మండిపోతున్నా రేపటి వీడియో రేపు రావాలి. చిన్న ఛానెల్ నడుపుకునే కుర్రవాడికి అది ముక్కల లెక్కన కూలి చేసే పనికి భిన్నం కాదు. తన పడకగదిని, తన తల్లి వంటను, తన విసుగును కూడా ముడి సరుకుగా మార్చుకోక తప్పని స్థితి అతనిది. ఈ మాట చెప్పకుండా అతన్ని తిట్టడం అన్యాయం.

ఇక శిల్పం సంగతి. విద్యార్థులకు అర్థమయ్యేందుకు మన ప్రబంధాన్ని గుర్తుచేస్తాను. ప్రబంధానికి అష్టాదశ వర్ణనలు కావాలన్నారు ఆలంకారికులు. నగరం, ఉద్యానవనం, ఋతువులు, చంద్రోదయం, జలక్రీడ మొదలైనవి. కథ ఏదైనా ఆ వర్ణనలు వచ్చి తీరాలి. లాక్‌డౌన్ వీడియోకు కూడా ఇలాంటి నియత వర్ణనలు ఏర్పడ్డాయి. ఉదయపు కాఫీ, వ్యాయామం, వంట, మొక్కలు, పెంపుడు కుక్క, సాయంకాలపు ఆకాశం. నిజంగా ఆ ఇంట్లో ఆ రోజు ఏం జరిగిందన్నది అప్రధానం. ఇల్లు అద్దెదా, జీతంలో కోత పడిందా, పక్క గదిలో ఎవరైనా దగ్గుతున్నారా అన్నవి వర్ణనల పట్టికలో లేవు కనుక కనిపించవు.

ప్రబంధంతో మరొక పోలిక కూడా ఉంది, ఒక తేడా కూడా ఉంది. పెద్దన మనుచరిత్రను శ్రీకృష్ణదేవరాయలకు అంకితమిచ్చాడు. ఆ సంగతి అవతారికలోనే చెప్పాడు. కృతిభర్త ఎవరో, అతని వంశం ఏమిటో తెలిసిన తర్వాతనే పాఠకుడు కథలోకి వెళతాడు. రాజాశ్రయాన్ని మనం ఎంత విమర్శించినా, ఆ లావాదేవీ బహిరంగమైనదని ఒప్పుకోవాలి. వీడియోకు కృతిభర్త సబ్బుల కంపెనీయో, శానిటైజర్ కంపెనీయో, రోగనిరోధక శక్తి పెంచుతుందని చెప్పుకునే పొడి కంపెనీయో. కాని అవతారిక లేదు. “నేను రోజూ ఇదే వాడతాను” అన్న మాట స్నేహితురాలి సలహాలాగా వినిపిస్తుంది. మన దేశంలో ప్రకటనల ప్రమాణాల మండలి ఇన్‌ఫ్లుయెన్సర్లకు మార్గదర్శకాలు విడుదల చేసింది 2021 మే నెలలో. డబ్బు తీసుకొని చెప్పే మాట మీద అది ప్రకటన అని స్పష్టంగా రాయాలన్న ఆ నియమం 2021 జూన్ 14 నుంచి అమలులోకి వచ్చింది. అప్పటికి మొదటి లాక్‌డౌన్ ముగిసి ఏడాది దాటింది. జనం అతి భయంగా, అతి ఒంటరిగా, ఎవరి మాటనైనా నమ్మే స్థితిలో ఉన్న కాలమంతా అవతారిక లేకుండానే గడిచిపోయింది.

ఇప్పుడు మా విద్యార్థిని ప్రశ్నకు వద్దాం. ఇంగ్లీషులో ‘వీ’, హిందీలో ‘హమ్’ అంటే వినేవాడు అందులో ఉన్నాడో లేడో చెప్పనక్కరలేదు. తెలుగులో చెప్పక తప్పదు. తమిళంలో కూడా అంతే. ‘మనం’ అన్న మరుక్షణం వినేవాడి బతుకు గురించి ఒక ప్రకటన చేసినట్లే. “మనమందరం ఇంట్లోనే ఉన్నాం కదా” అన్న వాక్యంలో, వింటున్న ప్రతివాడికీ ఇల్లుందని, అందులో తిండి ఉందని, రోజు గడవడమే కష్టమైనంత తీరిక ఉందని ముందే నిర్ణయమైపోయింది. ఆ తీరిక లేనివాడు ఆ వాక్యంలో లేడు. లేడన్న సంగతి కూడా ఆ వాక్యం చెప్పదు. “మేము ఇంట్లో ఉన్నాం” అని ఉంటే అందులో ఒక నిజాయితీ ఉండేది. మేము ఉన్నాం, మరి మీరు? అని అడిగే వీలుండేది. ‘మేము’ అన్న చోట ‘మీరు’ అన్న ప్రశ్నకు స్థలం మిగులుతుంది. ఈ ‘మనం’ ఆ స్థలాన్ని మూసేస్తుంది. ఒక వర్గపు అనుభవాన్ని అందరి అనుభవంగా చలామణి చేయడం పాలక వర్గ భావజాలం ఎప్పుడూ చేసే పనే. ఇక్కడ ఆ పనిని ఒక చిన్న సర్వనామం చేసింది.

ఆ అమ్మాయి తండ్రి తాపీ మేస్త్రి. పాలమూరు నుంచి తరతరాలుగా పనుల కోసం పోయే జనంలో ఒకడు. ఆ మార్చిలో ఆయన హైదరాబాదులో ఒక అపార్టుమెంటు కట్టుబడి దగ్గర ఉన్నాడు. వీడియోల్లో సూర్యాస్తమయం చూపించే అలాంటి బాల్కనీలు కట్టేది ఆయనలాంటివాళ్లే. బాల్కనీ కెమెరాలో ఉంది, కట్టినవాడు రోడ్డు మీద ఉన్నాడు.

మన తెలుగు నేల మీదనే జరిగిన ఒక ఉదాహరణ చెబుతాను. 2020 ఏప్రిల్‌లో సినీ దర్శకుడు సందీప్ రెడ్డి వంగా ఇంటి పనులు చేస్తున్న వీడియో పెట్టి, ‘బీ ది రియల్ మ్యాన్’ అని సవాలు విసిరి, రాజమౌళిని ఆహ్వానించాడు. రాజమౌళి ఊడ్చి, తుడిచి, మరికొందరిని పిలిచాడు. జూనియర్ ఎన్టీఆర్, రామ్‌చరణ్ వంటి పెద్ద తారలు వరసగా పాల్గొన్నారు. ఇంటి పని ఆడదాని సొత్తు కాదని మగవాళ్లు ఒప్పుకోవడం మంచిదే. ఈ దేశంలో ఆ మాట ఎవరు చెప్పినా నేను సంతోషిస్తాను. అయితే ఇంట్లో ఆడవాళ్లు దినమూ చేసే పని, మగవాడు ఒక్క పూట చేసేసరికి వీరత్వమైంది. అదొకటి. రెండోది, ఆ చీపురు మామూలు రోజుల్లో ఎవరి చేతిలో ఉండేది? ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లను లాక్‌డౌన్‌లో అపార్టుమెంట్ల గేట్ల దగ్గరే ఆపేశారు. ఆ వీడియోల కట్టుబాటులో ఆమెకు చోటు లేదు. ఆమె రాకపోవడం వల్లనే ఆ సవాలుకు సందర్భం ఏర్పడింది. ఒక తార మరొక తారను పిలిచే ఆ వరసలో ఆమె పేరు ఎక్కడ రావాలి? ఆ ‘మనం’ ఒక తార ఇంటి నుంచి మరో తార ఇంటికి నడిచింది తప్ప కిందికి దిగలేదు.

న్యాయంగా మరొక మాట కూడా చెప్పాలి. అదే సినీ పరిశ్రమ చిరంజీవి నాయకత్వాన ‘కరోనా క్రైసిస్ చారిటీ’ పేరుతో నిధి పోగుచేసి పని పోయిన సినీ కార్మికులకు సరుకులు పంచింది. అక్కడ కార్మికుడు పేరుతో సహా లెక్కలోకి వచ్చాడు. కాబట్టి మనుషులు వేరు, వాళ్లు వాడుకునే రూపం వేరు. దానం చేసేటప్పుడు కనిపించిన కార్మికుడు వీడియో తీసేటప్పుడు మాయమయ్యాడంటే తప్పు గుండెలో కంటే రూపంలోనే ఎక్కువగా ఉందని నా అభిప్రాయం.

ఈ రూపం తన అసలు స్వభావాన్ని మరుసటి సంవత్సరం బయటపెట్టుకుంది. 2021 జనవరిలో బ్రిటన్‌లో మళ్లీ లాక్‌డౌన్. జనాన్ని ఇల్లు కదలవద్దన్నారు. అప్పుడు అక్కడి ఇన్‌ఫ్లుయెన్సర్లు కొందరు దుబాయి సముద్రతీరం నుంచి ఫోటోలు పెట్టారు. అడిగితే ఇది మా పని, పని కోసం ప్రయాణించవచ్చని నియమం ఉంది అన్నారు. ఎండ కాసే దేశాలకు పోయి ప్రదర్శనలు ఇస్తున్నారని అక్కడి హోం మంత్రి ప్రీతీ పటేల్ పార్లమెంటులోనే మండిపడింది. అదే సంవత్సరం ఏప్రిల్‌లో మన దేశంలో రోజుకు మూడు లక్షల కేసులు దాటి, ఆక్సిజన్ అందక జనం ఆసుపత్రుల వాకిళ్లలో చనిపోతున్నప్పుడు, కొందరు హిందీ సినిమా తారలు మాల్దీవుల నుంచి జలక్రీడల చిత్రాలు పంపారు. నటుడు నవాజుద్దీన్ సిద్దిఖీ బహిరంగంగానే తప్పుపట్టాడు.

“ఇది మా పని” అన్న జవాబును కొట్టిపారేయకుండా ఆలోచించాలి. అది నిజమే, వాళ్ల పని అదే. చూపించడమే వాళ్ల పని. కాని పని కోసం ఊళ్లు దాటే హక్కు ఎవరికి దొరికింది? పని కోసం హైదరాబాదు వచ్చిన మేస్త్రికి, పని పోయాక ఊరికి తిరిగి పోయే హక్కు కూడా లాఠీ కింద నలిగింది. పని కోసమే విమానమెక్కినవారికి అడ్డు రావడానికి నియమాలు చాలాకాలం వెతుక్కున్నాయి. ‘మనమందరం’ అన్న మాట వెనక ఉన్న వర్గ స్వభావం ఇంత స్పష్టంగా మరెప్పుడూ కనిపించలేదు.

ఇంతమాత్రాన ఫోను, కెమెరా, వేదిక అన్నీ శత్రువులని నేను అనడం లేదు. 2020 జూన్ 29న ప్రభుత్వం నిషేధించిన యాభై తొమ్మిది యాప్‌లలో టిక్‌టాక్ ఒకటి. దాని మీద ఎన్ని ఫిర్యాదులున్నా, ఊళ్ల పిల్లలు, కూలి చేసుకునేవాళ్లు తమ ఇరుకు గదుల్లోంచి, పొలం గట్ల మీది నుంచి తమ ఆటపాటలు చూపించుకున్న వేదిక అది. దాన్ని చూసి ముక్కు విరిచిన మధ్యతరగతి, తర్వాత అదే పనిని ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లో చేసింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ తన పల్లె భాషలో, తన వయసులో, తన చీరకట్టుతో లక్షలమందికి దగ్గరైంది. ఆమె ఎదుట కూర్చున్నవాడికి ఆమె మనిషిగా కనబడుతుంది కాని నమూనాగా కనబడదు. 2021 రెండో అలలో పడకల సమాచారం, ఆక్సిజన్ సిలిండర్ల సమాచారం చేతులు మారింది కూడా ఈ సామాజిక మాధ్యమాల మీదనే. అప్పుడు ‘మనం’ అన్న మాటకు అర్థం వచ్చింది, ఎందుకంటే వినేవాడికి ఏం కావాలో ముందు అడిగారు.

ఇక చివరి విషయం. అందరికంటే ముందు మనల్ని మనం అడగవలసినది.

2020 మార్చి 25 శార్వరి నామ సంవత్సర ఉగాది. లాక్‌డౌన్ మొదటి రోజు. ఆగిపోయిన కవి సమ్మేళనాన్ని మా మిత్రులం ఏప్రిల్‌లో ఫోన్ల మీద జరుపుకున్నాం. నేను కూడా కవిత చదివాను. చదవడానికి ముందు కుర్చీని రెండుసార్లు జరిపి, వెనక పుస్తకాల అలమారా తెర మీద పడేలా చూసుకున్నాను. లోపలి అరలో ఉన్న శ్రీశ్రీ సంపుటాలను ముందుకు తెచ్చిపెట్టాను. ఫోను మోగకుండా శబ్దం తీసేశాను. నా కవితలో పక్షులు స్వేచ్ఛగా ఎగిరాయి, నదులు తేటపడ్డాయి, మనిషి తన గూట్లో బందీ అయ్యాడు, కుటుంబమంటే ఏమిటో మనమందరం తెలుసుకున్నాం. బాగుందని చాలామంది రాశారు. ఆ వ్యాఖ్యలు చదువుకుంటూ చాలాసేపు కూర్చున్నాను. అప్పుడు చూస్తే ఒకే నెంబరు నుంచి మూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. పొద్దుపోయింది, రేపు చేద్దాంలే అనుకున్నాను.

మరునాడు ఆ ఫోను స్విచాఫ్. తర్వాత తెలిసింది, ఆ నెంబరు ఈ అమ్మాయి తండ్రిది. బిడ్డ నోటుపుస్తకం అట్ట మీద ఉన్న టీచరు నెంబరు ఆయన దగ్గర ఉంది. మండల ఆఫీసులో ఎవరికైనా చెప్పి పాసు ఇప్పిస్తానేమోనని అడగడానికి చేశాడు. నేను ఎత్తి ఉంటే పాసు దొరికేదో లేదో చెప్పలేను. ఆయన తెల్లవారుజామున నడక మొదలుపెట్టి షాద్‌నగర్ దాకా నడిచి, అక్కడ ఒక లారీ పట్టుకొని, మూడో రోజు ఊరు చేరాడు. బతికి వచ్చాడు. ఆ సెప్టెంబరులో టీవీలో పాఠాలు మొదలైతే ఆ ఇంట్లో టీవీ లేదు. ఉన్న ఒక్క ఫోను ఆయనతో పనికి పోయేది. పిల్ల పక్కింటి అన్న ఫోనులో పాఠం చూసింది. పాఠం అయిపోగానే దాని వెంట వచ్చిన వీడియోలు కూడా చూసింది. ఆమె విన్న ‘మనం’ అలా ఆమె దాకా వచ్చింది.

పుస్తకాల అలమారా ముందు కూర్చున్న నాకూ, బాల్కనీలో కూర్చున్న ఆ యూట్యూబ్ అమ్మాయికీ తేడా ఎంత? ఆమె సబ్బు అమ్మింది, నేను నా అభ్యుదయాన్ని చూపించుకున్నాను. ఇద్దరం ‘మనం’ అన్నాం. ఆ రోజుల్లో వెల్లువెత్తిన కరోనా కవిత్వాన్ని మళ్లీ చదవండి. ఒక రకం కవితలో ‘మనం’ ఇంట్లో ఉంటాం. ఇంకో రకం కవితలో ‘వాళ్లు’ పాదాలు పగిలి నడుస్తుంటారు, కవి కన్నీరు కారుస్తుంటాడు. మొదటిది వాళ్లను మింగేసింది, రెండోది దూరంగా నిలబెట్టి చూసింది. నడిచినవాడు ‘మేము’ అని చెప్పుకున్న కవిత, కథ ఎన్ని వచ్చాయి? వచ్చిన కొన్నిటికి మనం మన పత్రికల్లో ఎంత చోటిచ్చాం?

ఈ పాఠం అభ్యుదయ సాహిత్యానికి కొత్తది కాదు. భావకవిత్వపు ఆత్మాశ్రయ ధోరణిని ప్రశ్నించి, ‘నేను’ నుంచి ‘మనం’ దగ్గరికి కవిత్వాన్ని నడిపించామని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ గర్వం న్యాయమైనదే. కాని 1980ల నుంచి స్త్రీవాద కవులు, కారంచేడు తర్వాత దళిత కవులు మనల్ని నిలదీసి అడిగింది కూడా ఈ ప్రశ్నే. మీ ‘మనం’లో మేమున్నామా? 1993లో వచ్చిన ‘నీలిమేఘాలు’, 1995లో వచ్చిన ‘చిక్కనవుతున్న పాట’ ఆ ప్రశ్నకు సాక్ష్యాలు. ఆనాడు ఆ ప్రశ్నను చీలికగా భావించి చిరాకుపడ్డవాళ్లు మనలో ఉన్నారు. చిరాకు తగ్గాక నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. ‘మనం’ అన్నది ప్రకటిస్తే వచ్చేది కాదని, ఎవరెవరు ‘మేము’ అంటున్నారో విన్న తర్వాత వాళ్లతో కలిసి పనిచేస్తే ఏర్పడేదని అప్పుడు తెలిసింది. మహమ్మారి వచ్చిన మొదటి వారంలోనే ఆ చదువు మరిచిపోయాం. అందుచేత ఇన్‌ఫ్లుయెన్సర్లను చూసి నవ్వే హక్కు మనకు సగమే ఉంది.

విద్యార్థి మిత్రులకు ఒక చిన్న అభ్యాసం సూచిస్తాను. ఆ కాలపు వీడియో ఒకటి, కవిత ఒకటి ఎదురుగా పెట్టుకోండి. ప్రతి ‘మనం’ కింద గీత గీయండి. అందులో ఎవరెవరు ఉన్నారో ఒక కాగితం మీద రాయండి. చెత్త ఎత్తినవాడు, సరుకులు గుమ్మం దాకా తెచ్చి ఇచ్చినవాడు, ఆసుపత్రిలో రాత్రి పని చేసిన నర్సు, గేటు దగ్గర ఆగిపోయిన పనిమనిషి, ఏప్రిల్ నుంచి జీతం రాని ప్రైవేటు బడి పంతులు ఉన్నారేమో చూడండి. లేకపోతే అక్కడ ‘మేము’ అని మార్చి వాక్యం నిలబడుతుందేమో పరీక్షించండి.

నా కవితతో నేను ఈ పని చేశాను. ‘మనం’ పదకొండు చోట్ల ఉంది. తొమ్మిది చోట్ల ‘మేము’ అని దిద్దాను. దిద్దాక చదివితే అది సొంత ఇల్లు, నెల జీతం ఉన్న ఒక టీచరమ్మ తన తీరిక గురించి రాసుకున్న కవిత అని తేలింది. నిజానికి అది మొదటి నుంచీ అంతే. మిగిలిన రెండు చోట్ల ఏ సర్వనామం పెట్టినా వాక్యం నిలబడలేదు. ఆ రెండు వాక్యాలు కొట్టేసి, మొన్న ఆదివారం ఆ మేస్త్రి ఇంటికి వెళ్లి ఆనాటి మూడు కాల్స్ సంగతి నేనే ఎత్తాను. ఆయన గుర్తుతెచ్చుకొని, “గప్పుడు మీరు పనిల ఉన్నరేమో అనుకున్న మేడం” అన్నాడు.